పేపర్లో పడిన నా మోచెయ్యి

నా దగ్గర ఒక పేపరు ముక్క ఉంది. అందులో ఒక ఫోటో. నడుమ మా చైర్మన్ గారు మౌసు మీద చెయ్యేసి కెమెరా వైపు నవ్వుతున్నారు. పక్కన మా మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక కంప్యూటర్ తెరకు బంతిపూల దండ. ఎడమ పక్క అంచులో ఒక మోచెయ్యి, నీలం గళ్ళ చొక్కాది, సగానికి తెగి కనిపిస్తుంది. ఆ మోచెయ్యి నాది. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగంలో నేను పేపర్లో పడింది అంతవరకే.

రిటైరై రెండేళ్ళయింది. నా కోపం మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను చూసినప్పుడల్లా "మీ అనుభవాలు రాయండి సార్" అంటారు. అనుభవాలంటే ఎవరైనా గెలిచిన కథలే రాసుకుంటారు. నేను ఓడిపోయింది రాస్తాను. చదివి నన్ను తిట్టుకున్నా పర్వాలేదు, అలాంటి పని మీరు చేయకుంటే చాలు.

హిందూపురంలో ఒక చేనేత సంఘం పెద్దాఫీసులో కంప్యూటర్ల పని చూసేవాణ్ణి. సంఘం పేరు చెప్పను, మనుషుల పేర్లు కూడా చెప్పను. మా సంఘం ధర్మవరం శాఖలో ఒక మంచి పని మొదలుపెట్టింది. పాత పట్టుచీరల అంచులు, కొంగుల డిజైన్లు నేతగాళ్ళ ఇళ్ళలో గళ్ళ కాగితాల మీద గీసి ఉంటాయి కదా, వాటిని తెప్పించి స్కాన్ చేసి, ఎవరింటివి, ఎన్ని దారాలవి అని వివరాలు రాసి భద్రం చేయడం. ఆ డేటాబేసు హిందూపురంలో నా దగ్గర ఉండేది. ఒక్కో కాగితం బారెడు. దాన్ని గడి గడి కనిపించేట్టు స్కాన్ చేస్తే ఎంత జాగా తింటుందో మీకు తెలుసు. పట్టుపురుగు నాలుగోసారి పొర విడిచే జ్వరం నుంచి లేచాక ఆకు తిన్నట్టు తినేది.

మా దగ్గర ఉన్నది ఒకటే పెద్ద మిషను. దాని లోపల అయిదు మిషన్లు ఉన్నట్టు నమ్మించే ఏర్పాటు ఒకటి ఉంటుంది, దాన్నే వర్చువల్ అంటారు. అయిదింటికీ "ఇంత జాగా నీది" అని రాసిచ్చేసి ఉంటాం. రాసిచ్చినదంతా కూడితే ఉన్న స్థలం కన్నా ఎక్కువే. అందరూ ఒకేసారి గోడలు లేపరులే అన్న ధైర్యంతో బండి నడుస్తుంది. డిజైన్ల డేటాబేసు గోడ లేపింది. మిగతా నాలుగింటికీ ఊపిరాడలేదు.

కొత్త డిస్కులు కావాలని ఏడు ఉత్తరాలు రాశాను. ఏడింటికీ "పరిశీలనలో ఉన్నది" అనే ఒకే జవాబు. ఎవరు పరిశీలించారో, ఏ కంటితో పరిశీలించారో ఇవాళ్టికీ నాకు తెలీదు. ఈ లోపల జాగా చాలక మొదట ఆగింది బ్యాకప్. రోజూ తీసే నకలు పెట్టుకోవడానికి చోటు లేదు. రిజిస్టర్లో "తాత్కాలికంగా ఆపడమైనది" అని రాసి సంతకం పెట్టాను. మన ఆఫీసుల్లో తాత్కాలికం అన్న మాటకున్నంత ఆయుష్షు ఇంకే మాటకూ లేదు.

ఎట్టకేలకు డిస్కులు వచ్చాయి. బిగించడానికి కంపెనీవాళ్ళు వచ్చారు. బిగించేముందు, వాళ్ళ పద్ధతి ప్రకారం, డేటాబేసు మిషనుకు ఒక స్నాప్‌షాట్ తీశారు. తెలియని వాళ్ళకు నేత భాషలో చెబుతాను. అది "ఇక్కడిదాకా నేసినాం" అని బట్ట మీద గుర్తు పెట్టుకోవడం. పని సవ్యంగా అయ్యాక ఆ గుర్తు తీసేయాలి. తీసేస్తే తర్వాత నేసింది బట్టలోనే భద్రంగా ఉంటుంది. తీసేయకుండా "గుర్తు దగ్గరికి వెనక్కి పో" అన్నామో, తర్వాత నేసిందంతా విప్పి పారేసినట్టే. ఇంకో సంగతి, ఆ గుర్తు ఉన్నంతసేపు జాగా పెంచడం కుదరదు. గుర్తు తీసేయడం, జాగా పెంచడం, అంతా కలిపి ఆ పొద్దు మిగిలింది గంట పని.

నేను కుర్చీ లాక్కుని కూర్చోబోతుండగా మేనేజరు వచ్చాడు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?"

"జాగా పెంచుతాండా సార్. మీరు భోజనానికి పోయొచ్చేలోపల అయిపోతాది."

"అట్లెట్ల? ఇంత కష్టపడి తెప్పించినాము. నువ్వు మూలన కూర్చోని టకటకా కొట్టేస్తే ఎవురికి తెలుస్తాది? చైర్మన్ గారితో చేయిద్దాము. పెనుకొండలో సిద్ధాంతిని అడిగినారంట. ఈ వారం బాగలేదంట. పదకొండో దినం పదిన్నరకు మంచిగుండాది."

"అంతవరకూ?"

"అంతవరకూ దేన్నీ ముట్టుకోవద్దు. నువ్వు ముట్టుకుంటే ఆరంభమైనట్లే కదా."

"బ్యాకప్ ఆగిపోయి ఉండాది సార్."

"ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదబ్బా. పదకొండు దినాల్లో ఏమైపోతాది?"

నేను తలూపాను. లోపల మండిపోతూనే తలూపాను. కొత్త డిస్కులు పెట్టెలో కూర్చుని పచ్చ దీపాలు మిణుకుమనిపిస్తున్నాయి, జాగా లేక డేటాబేసు గుడ్లు తేలేస్తోంది, మేమేమో మంచి ఘడియ కోసం ఆకాశం చూస్తున్నాం. ముహూర్తాన్ని నేను తప్పుపట్టను. మా ఇంట్లోనూ పెడతాం. పెళ్ళికి పెడతాం, గృహప్రవేశానికి పెడతాం. ఊపిరాడని మనిషికి కిటికీ తెరవడానికి ఎవడైనా పెడతాడా?

సరిగ్గా ఆ పదకొండు రోజుల్లోనే పెద్దాయన ఒప్పుకున్నాడు.

ఆయన ధర్మవరం నేతగాడు. డెబ్బై దాటిన మనిషి. జకార్డు యంత్రాలు రాకముందు, అంచులో పువ్వు తీయాలంటే మగ్గం పక్కన ఒక మనిషి కూర్చుని దారాలు లాగేవాడు. ఎన్ని లేపాలో ఎన్ని వదలాలో నేసేవాడు చెప్పాలి. పెద్దాయన ఇంట్లో ఆ లెక్కను రాగం తీసి చెప్పే అలవాటు ఉండేది. తండ్రి నుంచి ఆయనకు వచ్చింది. కాగితం మీద ఒక్క గీతా లేదు. ఆ లెక్క చెప్పమని మా శాఖ వాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు. "మీకు చెప్తే మరమగ్గాలోళ్ళు ఎత్తుకపోతారు, పోండప్పా" అని తరిమేసేవాడు. అలాంటి మనిషి ఒక పొద్దున తనే కోడల్ని వెంటబెట్టుకుని శాఖ మెట్లెక్కాడు. గొంతులో కాన్సరు. బెంగుళూరులో ఆపరేషన్‌కు రోజు ఖాయమైంది. స్వరపేటిక తీసేస్తారు.

ధర్మవరం శాఖలో ఈ పనంతా చూసేది ఒక గుమస్తా, నా కూతురి వయసు అమ్మాయి. నాకు ఫోన్ చేసింది. "సార్, స్కానింగ్ తగ్గించమన్నారు కదా, జాగా లేదని. ఈయప్పది ఆపేకి కాదు సార్. ఇంగ తొమ్మిది దినాలే గొంతు ఉండేది."

ఆపలేదు. డేటాబేసులో పనికిరాని పాత లాగ్ ఫైళ్ళన్నీ ఊడ్చి, అక్కడింత ఇక్కడింత గీకి ఆ గొంతుకు చోటు చేశాను. మొదటి రోజు నేను కూడా పొద్దున ప్యాసింజరెక్కి ధర్మవరం పోయాను. పెద్దాయన బాసింపట్టు వేసుకుని, కళ్ళు మూసుకుని, తొడ మీద వేళ్ళతో తాళం వేస్తూ మొదలుపెట్టాడు. "మూడు లేపు, రెండు విడువు, అయిదు లేపు, ఒగటి విడువు..." బొంగురు గొంతు. మధ్య మధ్య దగ్గు. అయినా రాగం తప్పలేదు. కోటకొమ్మంచు అనే మొదటి అంచు అయ్యేసరికి గంట పట్టింది.

"ఇంత అవస్థ ఎందుకన్నా, నిదానంగా రాసియ్యకూడదా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "మనసులో అనుకుంటే రాదు సారూ. నోట పలికితేనే తర్వాతది వస్తాది. మా నాయనకూ అంతే."

మూడు పొద్దులు చెప్పాడు. మొత్తం ఏడు అంచులు. రికార్డరుకు ఉన్నది ఒకటే చిన్న కార్డు. రోజూ సాయంత్రం ఆ గుమస్తా అమ్మాయి హిందూపురానికి పంపించి ఫోన్ చేసేది. "వచ్చిందా సార్? కార్డు చెరిపేద్దునా?" నేను తెరిచి, ముందు కొంచెం, చివర కొంచెం విని, "వచ్చింది తల్లీ, చెరిపెయ్" అనేవాణ్ణి. మూడు రోజులూ అడిగింది. మూడు రోజులూ చెరిపేయమన్నాను. పంపించాక కార్డు చెరపాలనేది మా పద్ధతి. ఆ పద్ధతి రాసింది నేనే. కానీ ఆ పద్ధతి రాసినప్పుడు బ్యాకప్ నడుస్తోంది. ఆ ఒక్క ముక్క నా బుర్రకు తట్టలేదు.

పదకొండో రోజు వచ్చింది. ముందు రోజే బెంగుళూరులో పెద్దాయన ఆపరేషన్ అయిపోయింది. మిషను పెట్టెకు పసుపు పూసి బొట్లు పెట్టారు. కర్పూరం ముట్టిస్తే పొగ అలారం మోగుతుందని నేను అడ్డుపడితే, నాస్తికుణ్ణి చూసినట్టు చూశారు. కొబ్బరికాయ బయట వరండాలో కొట్టించడానికి అరగంట వాదించాను. ఆ అరగంట బలమంతా కొబ్బరినీళ్ళకే ఖర్చుపెట్టానని తర్వాత తెలిసింది.

అంతకు రెండు రోజుల ముందే మేనేజరుకు ఒక ఉపాయం చెప్పాను. తెర మీద పెద్ద బొత్తాం బొమ్మ పెడతాను, చైర్మన్ గారు దాన్ని నొక్కుతారు, అసలు పని పక్క గదిలో నేను చేసుకుంటాను అని. మేనేజరు మండిపడ్డాడు. "చైర్మన్ గారితో ఉత్తుత్తి బటన్ నొక్కిస్తావా? ఆయప్పకు తెలిస్తే?" ఆ సంగతి చైర్మన్ గారి దాకా పోయింది. ఆయన చెడ్డమనిషి కాదు, అది కూడా చెప్పాలి. "నేను నొక్కితే నిజంగానే పని కావాలప్పా, నాటకాలు నాకొద్దు" అన్నాడు. ఆయన నిజాయితీయే మా కొంప ముంచింది.

మొదటి పని గుర్తు తీసేయడం కాబట్టి, ఆ మెనూ తెరిచి పెట్టాను. అందులో రెండు మాటలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైది వెనక్కి పొమ్మనేది, కిందది తీసేయమనేది. "కిందది నొక్కండి సార్. అప్పుడొక చిన్న పెట్టె వస్తాది, ఖాయమేనా అని అడుగుతాది. దాన్ని కూడా నొక్కండి" అని రెండుసార్లు నేర్పించాను. ఆయన బుద్ధిగా రెండుసార్లు అప్పజెప్పాడు.

పదిన్నర. చైర్మన్ గారు కూర్చున్నారు. నేను ఆయన భుజం పక్కనే ఉన్నాను. మేనేజరు నా చొక్కా పట్టి లాగాడు. "పక్కకు రాప్పా, ఫోటోకు అడ్డం పడతాండావు." పక్కకు జరిగాను. ఫోటోగ్రాఫరు మోకాలి మీద కూర్చున్నాడు.

"సార్, ఇట్ల చూడండి. నవ్వండి సార్."

చైర్మన్ గారు కెమెరా చూసి నవ్వుతూ నొక్కారు. చూడకుండా నొక్కితే వేలు ఎక్కడ పడుతుంది? పైదాని మీద పడింది. పెట్టె వచ్చింది. వెనక్కి పోవడం ఖాయమేనా అని అడుగుతోంది. నేను చూశాను. ఆ గదిలో ముప్పై మంది ఉన్నారు, తెర చూసింది నేనొక్కణ్ణే.

"సార్... సార్..." అన్నాను.

"ఫ్లాష్ పడలేదు సార్, ఇంగొకసారి!" అన్నాడు ఫోటోగ్రాఫరు.

పెట్టెను కూడా నొక్కమని నేను నేర్పించానే, చైర్మన్ గారు కెమెరాకు నవ్వుతూ అది కూడా నొక్కారు. నేను చెప్పింది చెప్పినట్టు చేశారు. ఫ్లాష్ పడింది. చప్పట్లు మోగాయి. పదకొండు రోజుల నేత విచ్చిపోయింది.

మేనేజరు చెవిలో చెప్పాను. నా వైపు తిరక్కుండా, నవ్వు చెదరకుండా, "ఏమున్నా తర్వాత చూస్తాం" అన్నాడు. కంపెనీ మనిషి తన పట్టీ ప్రకారం తర్వాతి పని, ఆ తర్వాతి పని చేసుకుంటూ పోయాడు. జాగా పెరిగింది. అందరికీ బూందీ పంచారు. విప్పి పారేసినదాని మీదే కొత్తది పరుచుకుంటుంటే, చేతిలో బూందీ పొట్లంతో నిలబడి చూశాను. తర్వాత బెంగుళూరు నుంచి తెలిసినవాళ్ళను పిలిపించాం. రెండు రోజులు కిందా మీదా పడి, లేదన్నారు. ఆ గంటసేపు అన్నీ ఆపి ఉంటే ఏమైనా దొరికేదేమో అన్నారు. ఆ మాట విన్నప్పుడు గోడకు తల బాదుకుందామనిపించింది, నా తల కాదు, మేనేజరుది.

మరునాడు పేపర్లో ఫోటో వచ్చింది. జాగ్రత్తగా చూస్తే దండ వెనక తెర మీద ఆ పెట్టె కూడా మసగ్గా కనిపిస్తుంది. నేరం, నేరం చేసిన చెయ్యి, సాక్షి మోచెయ్యి, అన్నీ ఒకే చోట. దాన్ని ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకు తగిలించారు. మేనేజరు రిపోర్టు రాయించాడు. "సాంకేతిక కారణాల వలన కొంత సమాచారం అందుబాటులో లేదు." సాంకేతిక కారణమట! సాంకేతికం ఏం పాపం చేసింది? అది చెప్పింది విన్నది, అడగాల్సింది ఒకసారి అడిగింది కూడా. అడక్కుండా ఉన్నది మనుషులే. మేనేజరు అక్కడ చూపుడు వేలు పెట్టి, "ఈడ పెట్టప్పా సంతకం" అన్నాడు. పెట్టాను. రిటైర్మెంటు దగ్గర పడుతోందని పెట్టాను. ఇంకో కారణం కల్పించి రాయలేను.

ఆ పదకొండు రోజుల స్కానింగులన్నీ గుమస్తా అమ్మాయి మళ్ళీ చేసింది, ఆదివారాలు కూడా వచ్చి. కాగితాలు ఉన్నాయి కాబట్టి అయింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం ఫోన్లో, "మీరు చెరిపేయమంటేనే కదా సార్ చెరిపినాను" అంది, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. తిట్టినా బాగుండేది.

పెద్దాయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదన్నాడు మేనేజరు. "ఆయప్ప అడిగేకి గొంతు యాడుండాది?" అన్నాడు. నిజంగా అన్నాడు ఆ మాట. నేను ఆరోజు లీవు రాసిచ్చి, పేపరు ముక్క జేబులో పెట్టుకుని ప్యాసింజరెక్కాను. పెనుకొండ కొండ కిటికీలోంచి కనిపించి దాటిపోయేదాకా దిగి వెనక్కి పోదామా అనే ఆలోచనే.

పెద్దాయన మగ్గం గుంట పక్కన చాప మీద కూర్చుని ఉన్నాడు. మెడకు గుడ్డ, దాని కింద గొట్టం. నన్ను చూసి చేతులు జోడించాడు. కోడలు మంచినీళ్ళిచ్చి, నేను నోరు తెరవకముందే అడిగింది.

"సార్, మామ చెప్పింది ఫోన్లో ఏసుకొచ్చినారా? ఒకసారి వినిపిస్తారా? ఆపరేషన్‌కు ముందర మామ మాతో కూడా మాట్లాడల్యా సార్. గొంతు అరిగిపోతాదని, మీ రికార్డుకని దాచిపెట్టుకున్న్యాడు."

గ్లాసు కింద పెట్టాను. మొత్తం చెప్పాను. ముహూర్తం, ఫోటో, కార్డు చెరపమన్నది నేనే అన్నది, సంతకం, అన్నీ. కోడలు కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. పెద్దాయన పక్కనున్న పలక తీసుకున్నాడు. బలపంతో నెమ్మదిగా రాసి నా వైపు తిప్పాడు.

"అప్పుడు నువ్వు యాడ ఉంటివి?"

జేబులోంచి పేపరు ముక్క తీసి ఆయన ముందు పెట్టాను. అంచులో ఉన్న మోచెయ్యి మీద వేలు పెట్టి చూపించాను. "పక్కకు జరగమన్నారన్నా. 'సార్, సార్' అని పిలిచినా. వినలేదు."

ఆయన ఫోటోను కళ్ళ దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు. దారాల ఎడం చూసే కళ్ళు అవి. నా మోచేతికీ మౌసు మీదున్న చైర్మన్ గారి చేతికీ మధ్య బొటనవేలు, చూపుడువేలు పెట్టి కొలిచాడు. పలక తుడిచి మళ్ళీ రాశాడు.

"నీ చెయ్యి ఈడే ఉండాదే."

అంతే. పలక నా చేతికిచ్చాడు, తుడిచి ఇమ్మని. నాకు చేతకాలేదు. కోడలే వచ్చి తుడిచింది.